ఫాసిస్టు ప్రభుత్వాన్ని రైతు ఎలా గుర్తుపట్టాలి?

(రైతు సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పంటల బీమా, యూరియా కొరత, ధాన్యం కొనుగోలు కేంద్రాల మీద మాట్లాడుకున్నాం. భోజనాలయ్యాక ఇంత బరువైన విషయం పెట్టారేమిటని వెనక వరసలో కొందరు నవ్వుతున్నారు. నిద్ర పట్టకుండా చూసే పూచీ మాది.

ఫాసిస్టు అనే మాట మన సభల్లో బాగా చౌకైపోయింది. అర్జీ తీసుకోని తహసీల్దారు ఫాసిస్టు, తూకంలో తరుగు తీసే మిల్లరు ఫాసిస్టు, మనకు గిట్టని సర్పంచ్ కూడా ఫాసిస్టే. చేలో ఆకు పండుబారిందనుకోండి. నీళ్లు తక్కువైనా పండుబారుతుంది, తెగులొచ్చినా పండుబారుతుంది. గట్టు మీద నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చేలోకి దిగి ఆకు తిప్పి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఈ పూట మనం చేయబోయేది ఆ పనే.

పుస్తకాల్లో లక్షణాల పట్టికలు ఉన్నాయి. ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో 1995లో పద్నాలుగు లక్షణాలు రాశాడు. 1935లో దిమిత్రోవ్ ఇచ్చిన నిర్వచనాన్ని ఒకప్పుడు తరగతుల్లో కంఠస్థం చేయించేవాళ్లు. రెండూ చదవాల్సినవే. కానీ పట్టిక చేత్తో పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోతే ప్రపంచంలో ఏ ప్రభుత్వానికైనా నాలుగైదు తగులుతాయి. అందుకని మేం పట్టిక తేలేదు. ఆ పేరు పుట్టిన దేశంలో, ఆ పేరు పెట్టుకున్న పార్టీ పల్లెల్లో ఏం చేసిందో వరసగా చెప్తాం. రైతుకు అర్థం కావాల్సినవన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

ఇటలీ భాషలో ఫాషో అంటే కట్ట, మోపు. విడిగా ఉన్న పుల్లను ఎవరైనా విరుస్తారు, మోపును విరవలేరని మనమూ చెప్పుకుంటాం కదా, అదే అర్థం. 1890ల మొదట్లో సిసిలీ దీవిలో పేద రైతులు, గంధకం గనుల కూలీలు పెట్టుకున్న సంఘాలకు ఆ పేరు ఉండేది. కౌలు షరతులు మార్చాలని, పన్నులు తగ్గించాలని వాళ్లు లేచారు. 1894 జనవరిలో ప్రధాని క్రిస్పీ సైన్యాన్ని దించి, సైనిక పాలన పెట్టి ఆ సంఘాలను అణిచేశాడు. తర్వాత ఆ మాటను ఇంకా చాలామంది వాడుకున్నారు. చివరికి 1919 మార్చి 23న మిలాన్ నగరంలో ముస్సోలినీ తన గుంపుకు పెట్టుకున్న పేరూ అదే. పేద రైతులు తమ సంఘాలకు పెట్టుకున్న మాట, రైతు సంఘాలను తగలబెట్టినవాళ్ల పేరై కూర్చుంది.

మొదట్లో వాళ్ల కార్యక్రమం చదివితే మనమే రాశామా అనిపిస్తుంది. ఎనిమిది గంటల పని, కనీస వేతనం, ఆడవాళ్లకు ఓటు, పెట్టుబడి మీద భారీ పన్ను. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో ముస్సోలినీ పోటీ చేస్తే ఒక్క సీటు కూడా రాలేదు. అలాంటివాడు మూడేళ్లు తిరక్కుండా 1922 అక్టోబరులో ప్రధాని అయ్యాడు. ఈ మూడేళ్లలో ఏం జరిగిందో తెలియాలంటే పట్నాలు వదిలి పొలాల్లోకి పోవాలి.

పో నది మైదానంలో

ఉత్తర ఇటలీలో పో నది మైదానం మన డెల్టాల లాంటి నేల. కాలువలు, వరి, గోధుమ, చక్కెర దుంప. పెద్ద కమతాలు. భూమి లేని కూలీలు లక్షల్లో ఉండేవాళ్లు. కోతల కాలంలో చేతినిండా పని, చలికాలంలో పస్తులు. వీళ్లు ఇరవై, ముప్పై ఏళ్లపాటు ఊరూరా లీగులు కట్టారు. 1901లో బొలోన్యా నగరంలో వాటన్నిటికీ కలిపి జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1920 నాటికి దానిలో ఎనిమిది లక్షలకు పైగా సభ్యులు.

ఆ లీగులు ఏం సాధించాయో వినండి. కమతాన్ని బట్టి ఇంతమంది కూలీలను పనిలో పెట్టుకుని తీరాలి, చలికాలంలో కూడా. ఎవరిని పిలవాలో భూస్వామి ఏరుకోకూడదు, లీగు దగ్గర ఉన్న వరస పట్టీ ప్రకారం పిలవాలి. కూలి రేటు నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలి. 1920లో బొలోన్యా జిల్లాలో ఈ డిమాండ్ల మీద నెలల తరబడి పోరాటం నడిచింది. చివరికి అక్టోబరు 25న భూస్వాములు సంతకం పెట్టారు. అదే కాలంలో స్థానిక ఎన్నికలు జరిగితే దేశంలో రెండు వేలకు పైగా పట్టణ, గ్రామ పాలక మండళ్లు సోషలిస్టుల చేతికి వచ్చాయి.

భూస్వాములకు కోపం డబ్బు పోయినందుకు మాత్రమే అనుకోకండి. నా పొలంలో ఎవడు దిగాలో నేను చెప్పే రోజు పోయిందే, నిన్నటిదాకా గుమ్మం బయట నిలబడ్డవాడు ఇవాళ మండలి కుర్చీలో కూర్చున్నాడే అన్న మంట అది. ఆ మంట ఎలా ఉంటుందో మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు.

సంతకం పెట్టి నెల కూడా కాలేదు. నవంబరు 21న బొలోన్యా నగర కార్యాలయంలో కొత్త పాలక మండలి ప్రమాణం చేసే రోజున ఫాసిస్టులు దాడి చేశారు. ఆ గందరగోళంలో, కాల్పుల్లో పది మందికి పైగా చనిపోయారు. డిసెంబరు 20న పక్క జిల్లా ఫెర్రారాలో ఘర్షణ. ఇక అక్కడి నుంచి రాత్రిళ్లు లారీలు బయల్దేరడం మొదలైంది.

పద్ధతి ఎక్కడైనా ఒకటే. పట్నంలో పోగవుతారు. మాజీ సైనికాధికారులు, భూస్వాముల కొడుకులు, కాలేజీ కుర్రాళ్లు, పని లేనివాళ్లు. డబ్బు, బళ్లు భూస్వాముల సంఘాల నుంచి వచ్చేవి. చాలాచోట్ల పోలీసులు ముందే వెళ్లి లీగు వాళ్ల ఇళ్లలో ఆయుధాల కోసం సోదా చేసి వచ్చేవాళ్లు, వెనక నుంచి ముఠా దిగేది. లీగు కార్యాలయంలో కుర్చీలు, బల్లలు, కాగితాలు వీధిలో కుప్ప వేసి నిప్పు పెట్టేవాళ్లు. కార్యదర్శిని ఇంట్లో నుంచి ఈడ్చుకొచ్చి పెళ్లాం పిల్లల ముందు కర్రలతో కొట్టి, నోరు తెరిచి ఆముదం పోసేవాళ్లు.

నల్లగొండ, పాలమూరు చెల్కల్లో ఆముదాలు పండించినవాళ్లకు దాని సంగతి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఒక చెంచా తాగించినందుకే రోజంతా ఏమయ్యేదో అందరికీ గుర్తుంది. వాళ్లు సీసాలకు సీసాలు తాగించారు. కొందరు ఆ దెబ్బకే చచ్చిపోయారు. చావనివాడికి చావు కంటే ఎక్కువ చేశారు. నిన్న ఊరి ముందు నిలబడి కూలి రేటు మాట్లాడిన మనిషి ఇవాళ బట్టలు పాడుచేసుకుని వీధిలో పడి ఉంటే, రేపు అతని మాట ఎవరు వింటారు? వాళ్ల లెక్క అది. సంఘం అంటే ముందు పరువు. ఆ పరువును తీసేస్తే రేటు దానంతటదే దిగుతుందని భూస్వామికి తెలుసు.

ఆ కాలం మీద పుస్తకం రాసిన ఆంజెలో తాస్కా లెక్క ప్రకారం 1921 మొదటి ఆరు నెలల్లోనే 119 కార్మిక భవనాలు, 107 సహకార సంఘాలు, 83 వ్యవసాయ లీగుల కార్యాలయాలు, 17 పత్రికలు, ముద్రణాలయాలు ధ్వంసమయ్యాయి. సహకార సంఘాల అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. సహకార సంఘం సమ్మె చేయదు, ఊరేగింపు తీయదు. పప్పు, ఉప్పు, విత్తనం, ఎరువు చవగ్గా ఇస్తుంది. దాన్నెందుకు తగలబెట్టారు? సమ్మె రోజుల్లో కూలివాడి పొయ్యి వెలిగించేది అదే కాబట్టి.

దొరలకు గూండాలు ఉండటం ఎక్కడైనా ఉన్నదే కదా, ఇందులో కొత్తేముంది అని అడగొచ్చు. నిజమే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విసునూరు దేశ్‌ముఖ్ గూండాలే. కానీ ఆ గూండాలు గడీ దాటి ఎదగలేదు. వాళ్లకు పార్టీ లేదు, పత్రిక లేదు, చదువుకున్నవాళ్ల చప్పట్లు లేవు. ఇటలీలో జరిగింది వేరు. భూస్వామి కర్రకు ఒక పార్టీ వచ్చింది, నల్ల చొక్కా వచ్చింది, దేశభక్తి పాట వచ్చింది. ఆ తర్వాత మంత్రి పదవులు వచ్చాయి. ఫెర్రారా ముఠాల నాయకుడు ఇటాలో బాల్బో విమానయాన మంత్రి అయ్యాడు. బొలోన్యా ఫాసిస్టు నాయకుడు దీనో గ్రాందీ విదేశాంగ మంత్రి అయ్యాడు. గూండాయిజం వేరు, ఫాసిజం వేరు అని మేం అనేది అందుకే. కర్ర పట్టుకున్నవాడు దేశం పేరు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, చట్టం అతని వైపు తిరిగి కూర్చున్నప్పుడు రెండోది మొదలైందన్నమాట.

లీగులు ఎక్కడ చీలాయి

ఇక్కడ మనకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. లీగులు అంత బలంగా ఉండి కూడా నెలల్లో ఎలా కూలిపోయాయి? కర్రలతోనే కూలిపోలేదు.

ఆ మైదానంలో కూలీలే కాదు, సగం పంట భూస్వామికి ఇచ్చే పాలు రైతులు ఉన్నారు, కౌలుదార్లు ఉన్నారు, ఐదారెకరాల చిన్న రైతులు ఉన్నారు. కూలీ సమాఖ్య ఆశయం భూమంతా సమాజపరం చేయాలని. యుద్ధం అయ్యాక అప్పో సప్పో చేసి నాలుగెకరాలు కొనుక్కున్నవాడికి ఆ నినాదం వింటే గుండెలో రాయి పడింది. పైగా ఇంతమంది కూలీలను పెట్టుకోవాలన్న నియమం పెద్ద భూస్వామికీ, చిన్న కౌలుదారుకూ ఒకే తీరుగా వచ్చి మీద పడింది. కోతల్లో ఇరుగుపొరుగు కుటుంబాలు ఒకరి చేలో ఒకరు సాయం చేసుకోవడం పాత అలవాటు. అది కూలీల పని పోగొడుతుందని లీగు వద్దనేది. కాదన్నవాడికి జరిమానా, వెలి. లీగు వైపు నుంచి చూస్తే అందులో న్యాయం లేదని అనలేం. చలికాలం పస్తులున్నవాడి పని అది. కానీ కౌలుదారు మనసులో పగ మిగిలింది.

ఫాసిస్టులు ఆ చీలికలో కత్తి పెట్టారు. దున్నేవాడికి భూమి ఇస్తామన్నారు. 1921 మొదట్లో ఫెర్రారాలో భూస్వాముల చేత కొన్ని వేల హెక్టార్లు చిన్న చిన్న ముక్కలుగా ఇస్తామని చెప్పించారు. కాలిన కార్యాలయం పక్కనే తమ సొంత కూలీ సంఘం బోర్డు కట్టారు. పని కావాలంటే అందులో పేరు రాయించుకోవాలి. పస్తులున్న మనిషి ఎంతకాలం ఆగుతాడు? ఊళ్లకు ఊళ్లు అటు మారాయి. భూమి దొరికింది కొద్దిమందికి. 1920లో గెలిచిన ఒప్పందాలు మాత్రం అందరికీ పోయాయి, పాలు రైతులతో సహా.

కుర్చీ ఎక్కాక

రోమ్ నగరం మీదికి దండెత్తి పోయి ప్రభుత్వాన్ని గుంజుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథ వాళ్లు అల్లుకున్నదే. 1921 మే ఎన్నికల్లో ప్రధాని జొలిత్తి వీళ్లను తన కూటమిలో చేర్చుకున్నాడు, దారికి తెచ్చుకోవచ్చని. అలా 35 మంది పార్లమెంటులోకి వచ్చారు. 1922 అక్టోబరు 28న నల్ల చొక్కాలు రోమ్ వైపు బయల్దేరితే, సైనిక పాలన ఉత్తర్వు మీద రాజు సంతకం పెట్టలేదు. ముస్సోలినీ మిలాన్ నుంచి రైలు పెట్టెలో పడుకుని వచ్చి పదవి తీసుకున్నాడు. పార్లమెంటు 306 ఓట్లతో విశ్వాసం ప్రకటించింది, వ్యతిరేకించింది 116. అంటే తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.

తర్వాత వరసగా జరిగినవి త్వరగా చెప్తాం. 1923లో ఎన్నికల చట్టం మార్చారు. అందరికంటే ఎక్కువ ఓట్లు, కనీసం 25 శాతం, తెచ్చుకున్న జాబితాకు మూడింట రెండొంతుల సీట్లు. 1924 ఏప్రిల్ ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాలను పార్లమెంటులో లేచి ఒక్కొక్కటిగా చెప్పినవాడు జాకొమో మత్తెయొత్తి. రోవిగో ప్రాంతపు మనిషి. సొంత కుటుంబానికి భూములున్నా కూలీల పక్షాన నిలబడ్డవాడు. మే 30న మాట్లాడాడు, జూన్ 10న కారులో ఎత్తుకుపోయారు, ఆగస్టులో శవం దొరికింది. దేశం అట్టుడికింది, అయినా రాజు కదల్లేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ పార్లమెంటులోనే జరిగినదానికి బాధ్యత నాదేనని ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

1926 రైతుకు అన్నిటికంటే ముఖ్యమైన ఏడు. ఏప్రిల్ 3 చట్టంతో సమ్మె నేరమైంది. ప్రభుత్వం గుర్తించిన సంఘం ఒక్కటే ఒప్పందం చేయాలి, ఆ ఒక్కటీ ఫాసిస్టు సంఘం. ఆ సంవత్సరమే స్థానిక ఎన్నికలు రద్దయ్యాయి. ఎన్నికైన మేయర్ల స్థానంలో పై నుంచి వేసిన పొదెస్తా అనే అధికారి వచ్చాడు. చాలా ఊళ్లలో ఆ అధికారి ఎవరో చెప్పక్కర్లేదు, ఊరి పెద్ద భూస్వామో అతని మనిషో. నవంబరులో ప్రతిపక్ష పార్టీలు రద్దు, ప్రత్యేక కోర్టు, పార్లమెంటు సభ్యుడైన గ్రాంషీ అరెస్టు.

1929లో ఎన్నిక అనేదొకటి పెట్టారు. 400 మంది పేర్లతో ఒకటే జాబితా. అవును, కాదు అని రెండు కాగితాలు. అవును కాగితానికి జెండా రంగులు. ఏది పెట్టెలో వేస్తున్నావో బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనిపించేది. 98 శాతం అవును అన్నారట.

పొగడ్త ఎక్కువైనప్పుడు

ఇక మనకు అన్నిటికంటే పనికొచ్చే భాగం. ఈ ప్రభుత్వం రైతును తిట్టలేదు. అంతకుముందు ఏ ప్రభుత్వమూ పొగడనంతగా పొగిడింది. పల్లె పవిత్రం, పట్నం చెడ్డది, రైతే జాతికి వేరు. 1925లో గోధుమల యుద్ధం ప్రకటించారు. పంటకు యుద్ధం అని పేరు పెట్టడంలోనే సగం సంగతి ఉంది. ముస్సోలినీ చొక్కా విప్పి కళ్లంలో నూర్పిడి చేస్తున్న ఫోటోలు, సినిమాలు దేశమంతా తిరిగాయి.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, పంట పెరిగింది. 1920ల మొదట్లో ఏటా 55 లక్షల టన్నులకు అటూ ఇటూగా ఉన్న గోధుమ 1933లో 80 లక్షల టన్నులు దాటింది. స్త్రాంపెల్లి అనే శాస్త్రవేత్త మంచి విత్తనాలు తయారుచేశాడు. ఆయన రకం మెంతానాను తర్వాత మెక్సికోలో బోర్లాగ్ తన ప్రయోగాల్లో వాడుకున్నాడు. రోమ్ దగ్గర చిత్తడి నేలలు ఎండగట్టి ఊళ్లు కట్టారు, అక్కడ మలేరియా తగ్గింది. ఇవి అబద్ధాలని మనం అనక్కర్లేదు.

కానీ లాభం ఎవరికి పోయింది? విదేశీ గోధుమ మీద సుంకం వేశారు, లోపల ధర నిలబడింది. అమ్ముకోవడానికి మిగులు ఉన్న పెద్ద కమతాలకు కలిసొచ్చింది. రొట్టె కొనుక్కు తినే కూలికి ఖర్చు పెరిగింది. దక్షిణాదిలో పశువుల మేత భూములు, తోటలు గోధుమ కిందికి పోయాయి. అదే సమయంలో ప్రభుత్వం తన నాణెం విలువను బలవంతంగా పెంచి, దానికి తగ్గట్టు 1927లో కూలి రేట్లు, జీతాలు 10 నుంచి 20 శాతం దాకా కోయించింది. యుద్ధం అయ్యాక అప్పు తెచ్చి భూమి కొన్న చిన్న రైతుల్లో చాలామంది, పంట ధర పడి అప్పు బరువెక్కి, కొన్న నేల అమ్ముకున్నారు. పట్నం పోయి బతుకుదామంటే దారికి అడ్డం చట్టాలు. 1939 నాటికి పల్లె మనిషి నగరంలో కాపురం పెట్టాలంటే అక్కడ ముందే పని ఉన్నట్టు చూపించాలి. రైతు గొప్పవాడు కాబట్టి పొలంలోనే ఉండాలన్నమాట.

ధర అడగడానికి సంఘం లేదు. కోత వద్దనడానికి సమ్మె లేదు. ఊరి కష్టం చెప్పడానికి ఎన్నికైన మండలి లేదు. రాయడానికి పత్రిక లేదు. మిగిలింది ఫోటో ఒక్కటే.

జర్మనీలో కూడా ఇదే బాట. హిట్లర్ పార్టీ 1920 కార్యక్రమంలో పరిహారం లేకుండా భూములు తీసుకుంటామని ఉండేది. పెద్ద భూస్వాములు కంగారుపడితే 1928లో హిట్లర్ వివరణ ఇచ్చాడు: అది యూదుల భూవ్యాపార కంపెనీల గురించి మాత్రమేనట. అప్పుల్లో మునిగి, వేలాలతో విసిగిన రైతుకు బ్యాంకును, ధరల పతనాన్ని చూపించకుండా, ఊరికి పశువులు కొనడానికి వచ్చే యూదు వర్తకుణ్ణి చూపించారు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అనే రైతుల ప్రాంతంలో 1932 జులైలో వాళ్లకు 51 శాతం ఓట్లు వచ్చాయి. దేశం మొత్తం మీద అప్పుడు వచ్చినవి 37 శాతం. ఆ రైతుల బాధ నిజమైనదే. చూపించిన శత్రువు అబద్ధం.

1933లో అధికారం వచ్చింది. మే 1ని జీతంతో కూడిన సెలవు చేసి కార్మికులతో ఊరేగింపు తీశారు. మరుసటి రోజు, మే 2న, కార్మిక సంఘాల కార్యాలయాలన్నీ ఆక్రమించారు. సెప్టెంబరులో రైతులందరినీ ఒకే సర్కారీ సంస్థలో బలవంతంగా చేర్చారు. ఏ ధరకు అమ్మాలో, ఎంత ఇవ్వాలో ఆ సంస్థే చెప్పేది. వారసత్వ కమతం చట్టం తెచ్చారు. ఆ చట్టం కిందికి వచ్చిన భూమిని అప్పు కింద వేలం వేయకూడదు. విన్నవెంటనే మనకూ కావాలనిపిస్తుంది. తర్వాతి షరతులు వినండి. ఆ భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఒక్క వారసుడికే పోవాలి. కూతురి వంతు కొడుకు, తండ్రి, అన్నదమ్ములు అందరి తర్వాత. 1800 సంవత్సరం దాకా వెనక్కి వెళ్లి తన వంశంలో యూదుల రక్తం లేదని చూపించినవాడికే రైతు అనే పేరు. సేద్యం సరిగా చేయడం లేదని తేలిస్తే పొలం నడిపే హక్కే తీసేస్తారు. రైతు ఎవరో సర్కారు నిర్ణయిస్తుంది.

ఏది కాదు, ఏది అవును

లాఠీచార్జి జరిగితే, మద్దతు ధర ఇవ్వకపోతే, భూసేకరణలో మోసం చేస్తే అది చెడ్డ ప్రభుత్వం. దాని మీద పోరాడాలి. కానీ పోరాడే సంఘం మిగిలి ఉంది, కోర్టుకు పోయే దారి ఉంది, రాసే పత్రిక ఉంది, ఐదేళ్లకోసారి ఓడించే ఓటు ఉంది అంటే ఆకు పండుబారింది గానీ ఆ తెగులు ఇంకా పూర్తిగా పట్టలేదు. 1975 ఎమర్జెన్సీలో జైళ్లు నిండాయి, పత్రికలకు సెన్సారు పెట్టారు. 21 నెలల తర్వాత ఎన్నిక పెడితే ప్రధాని సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయింది. దాన్ని ఏ పేరుతో పిలవాలన్నది వేరే చర్చ. ఓడిపోగల ఎన్నిక మిగిలి ఉందా లేదా అన్నది మాత్రం పెద్ద తేడా.

మరి ఎప్పుడు ఉలిక్కిపడాలి? మా మటుకు మేం ఏ ప్రభుత్వాన్ని చూసినా, ఏ జెండాదైనా సరే, ముందు అడిగేది ఒకటే: రైతును ఎంత పొగుడుతున్నారు, రైతు సంఘాన్ని ఎలా చూస్తున్నారు? ఈ రెంటి మధ్య దూరం పెరుగుతూ పోతుంటే అనుమానించాలి. సమ్మె చేసిన రైతును కోరికలడిగేవాడిగా కాకుండా దేశద్రోహిగా పిలవడం మొదలైతే, ప్రైవేటు మూక కొట్టినప్పుడు దెబ్బలు తిన్నవాడి మీదే కేసు పడుతుంటే, ఎన్నికైన స్థానిక సంస్థలను పక్కనపెట్టి అధికారుల పాలన సాగదీస్తుంటే, ధర పడిపోయినందుకు కారణం ఫలానా కులం, ఫలానా మతం వాడని ఊళ్లోకి వచ్చి చెప్పేవాళ్లు ఎక్కువైతే, అప్పుడు చేలోకి దిగి ఆకు తిప్పి చూడండి. ఒక్కటి కనిపిస్తే కంగారు వద్దు. అన్నీ కలిసి ఒకే వైపు నడుస్తున్నాయా అన్నది చూడండి. పో నది మైదానంలో 1920 నవంబరుకూ 1926 నవంబరుకూ మధ్య ఆరేళ్లు. అందులో ప్రతి అడుగు దగ్గరా ఇంతటితో ఆగిపోతుందిలే అనుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంత జరిగినా అక్కడివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వెర్చెల్లి, నొవారా ప్రాంతాల్లో వరి మళ్లలో మోకాళ్ల లోతు నీళ్లలో కలుపు తీసే ఆడవాళ్లు, సమ్మె నేరమని చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1927లో, కూలి కోత మీద సమ్మె చేశారు. 1931లో మళ్లీ చేశారు. జైలుకు పోతామని తెలిసే చేశారు. ఇక్కడ కూర్చున్న అక్కలకు ఆ పని ఎంత కష్టమో మేం చెప్పనక్కర్లేదు.

రెజ్జో ఎమీలియా జిల్లాలో చెర్వీ అని ఒక కౌలు రైతు కుటుంబం. ఏడుగురు అన్నదమ్ములు. గుంతలు పడ్డ కౌలు నేలను చదును చేసి, కొత్త పద్ధతులు నేర్చుకుని, 1939లో ట్రాక్టరు కొన్నారు. దానితోపాటు ఒక గ్లోబు కూడా ఇంటికి తెచ్చారు. యుద్ధకాలంలో పారిపోయి వచ్చిన ఖైదీలకు, ఫాసిస్టు వ్యతిరేకులకు ఆ ఇంట్లో అన్నం, చోటు దొరికేవి. 1943 డిసెంబరు 28న ఏడుగురినీ ఒకేసారి నిలబెట్టి కాల్చేశారు. తండ్రి అల్చీదె బతికి చూశాడు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం, ట్రాక్టరూ గ్లోబూ అందులోనే ఉన్నాయి.

ఇక మన సంగతి. ఈసారి వరికోతల్లో మూడు ఊళ్లలో కౌలు రైతులకూ కూలీలకూ రేటు దగ్గర మాటామాటా పెరిగిందని పొద్దున రిపోర్టుల్లో విన్నాం. ఒక ఊళ్లో కూలీలను బయటి నుంచి లారీలో తెస్తామనే దాకా పోయింది. ఎకరానికి పాతిక వేల కౌలు కట్టినవాడికి గిట్టదు, రోజు కూలి తెచ్చుకునే ఆమెకు చాలదు. ఇద్దరూ మన సభ్యులే. ఫెర్రారా లీగు ఈ ముడి విప్పలేకపోయింది. మనం విప్పడానికి ప్రయత్నం చేయాలి. మండల కమిటీ నిర్ణయం ఇది: వచ్చే నెల పదో తేదీలోపు ఆ మూడు ఊళ్లలో కౌలు రైతులు, కూలీలు, ఇద్దరి తరఫునా ఐదుగురు చొప్పున కూర్చోవాలి. వ్యవసాయ కార్మిక సంఘం వాళ్లను పిలుస్తున్నాం. కౌలు గుర్తింపు కార్డు, పంట నష్టపరిహారం కౌలు రైతుకే రావాలన్న డిమాండు, కోత కూలి రేటు, ఈ మూడూ ఒకే కాగితం మీద రాయాలి. ఆ కాగితం తీసుకుని ఇద్దరూ కలిసి తహసీల్దారు దగ్గరికి పోదాం. ఏ ఊరికి ఎవరు బాధ్యులో ఇప్పుడు పేర్లు చెప్పండి, రాసుకుంటాం.